వార్ ఫైల్ ఎక్కింది, చాట్ మాత్రం 404

ఇప్పుడే లాప్‌టాప్ మూసొచ్చా, ఒళ్లు మండిపోతోంది. పొద్దున్నుంచీ చేసిన పని "ఏ జావా సర్వర్ మీదైనా నడుస్తుంది" అని రాసిపెట్టిన ఒక చిన్న వెబ్‌సాకెట్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే కనెక్షన్) చాట్ శాంపిల్ రన్ చేయడం. రెండు ట్యాబుల్లో పేజీ తెరిచి ఇందులో మెసేజ్ కొడితే అందులో కనిపించాలి, అంతే. యాప్ మొత్తం మూటకట్టిన వార్ ఫైల్ తీసుకెళ్లి టామ్‌క్యాట్ 10 అనే జావా సర్వర్లో వేశా, డిప్లాయ్ అయింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, పేజీ కూడా చక్కగా వచ్చింది, కనెక్ట్ నొక్కితే 404, అంటే ఆ అడ్రస్‌లో ఏమీ లేదట!

ఎండ్‌పాయింట్ పాత్ (చాట్ కనెక్ట్ అయ్యే అడ్రస్) పదిసార్లు చూశా, పోర్టు మార్చా, బ్రౌజర్ మార్చా, ఫైర్‌వాల్ మీద కూడా అనుమానపడ్డా. మూడు గంటలు పోయాక చూస్తే ఇంపోర్ట్ లైన్లో (కోడ్ ఏ లైబ్రరీ వాడుతుందో చెప్పే లైను) జావాఎక్స్ డాట్ వెబ్‌సాకెట్ అని ఉంది. టామ్‌క్యాట్ 9 దాకే ఆ పేరు, 10 నుంచి జకార్తా డాట్ వెబ్‌సాకెట్. పాత పేరుతో ఉన్న యానోటేషన్‌ని (ఇదీ ఎండ్‌పాయింట్ అని సర్వర్‌కి చెప్పే గుర్తు) సర్వర్ అసలు పట్టించుకోదు, పట్టించుకోలేదన్న ముక్కా చెప్పదు. "ఏ జావా సర్వర్ మీదైనా నడుస్తుంది" అని రాసినవాళ్లు ఏ వెర్షనో ఒక్క లైను రాయలేరా? ఆ వార్‌ని వెబ్‌యాప్స్‌లో కాకుండా వెబ్‌యాప్స్-జావాఈఈ ఫోల్డర్లో వేస్తే టామ్‌క్యాటే మార్చుకుంటుందట, అదీ అంతా అయ్యాక తెలిసింది.

ఈ పేరు మార్పు కథేంటంటే, ఒరాకిల్ 2017లో జావా ఈఈని (సర్వర్ యాప్‌ల కోసం ఉన్న జావా స్టాండర్డ్‌ల కట్ట) ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే ఓపెన్‌సోర్స్ సంస్థకి అప్పగిస్తున్నా అంది, జావాఎక్స్ పేరు మీద మార్పులు చేసే దగ్గర మాత్రం ఒప్పందం కుదరలేదు, దాంతో 2020లో జకార్తా ఈఈ 9 (జావా ఈఈకే కొత్త పేరు) వచ్చి పేర్లన్నీ మార్చేసింది. ఆబోతులు కొట్టుకుంటే లేగల కాళ్లు విరిగినట్టు, ఇంపోర్టులు మార్చుకుంటూ కూర్చునేది మనం. 2013లో వెబ్‌సాకెట్‌కి జావా స్టాండర్డ్ తెచ్చిందే ఒకే కోడ్ అన్ని సర్వర్ల మీదా నడవాలని కదా! అంతకుముందు టామ్‌క్యాట్ 7కి ఒక పద్ధతి, జెట్టీ అనే మరో సర్వర్‌కి ఇంకో పద్ధతి, ఒకే చాట్‌ని రెండుసార్లు రాశాన్నేను.

అసలు ఈ శాంపిళ్ల మీద నా కడుపుమంట ఇవాళ్టిది కాదు. పోయిన ప్రాజెక్టులో లోకల్‌హోస్ట్‌లో బ్రహ్మాండంగా నడిచిన చాట్‌ని ఇంజిన్‌ఎక్స్ (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నిలబడే ప్రాక్సీ) వెనక పెట్టాం. మామూలు కనెక్షన్‌ని వెబ్‌సాకెట్‌గా మార్చమని అడిగే అప్‌గ్రేడ్ హెడర్ మనం రాస్తే తప్ప అది ముందుకు పంపదు, సరే అది రాశాం. డెమోలో మాటల్లో పడి నిమిషం పాటు ఎవరూ ఏమీ టైప్ చేయలేదు. తర్వాత మేనేజర్ "హలో" కొట్టాడు, పక్క స్క్రీన్‌కి రాలేదు, మళ్లీ కొట్టాడు, రాలేదు. సర్వర్ నుంచి ఏమీ రాకపోతే ఇంజిన్‌ఎక్స్ ఎంతసేపు ఆగాలో చెప్పే ప్రాక్సీ రీడ్ టైమౌట్ డీఫాల్ట్ 60 సెకన్లు, అప్పటికే కనెక్షన్ తెగిపోయింది. తెగిన సాకెట్‌లోకి పంపితే బ్రౌజర్ కిక్కురుమనదు. మధ్యలో ఒక పింగ్ (బతికే ఉన్నానని చెప్పే చిన్న సందేశం) పంపుతుంటే చాలు, ఆ పింగ్ నేను చూసిన ఒక్క శాంపిల్లోనూ లేదు, తెగితే మళ్లీ కనెక్ట్ అయ్యే నాలుగు లైన్లూ లేవు.

"నీ కోడ్ ఒకసారి సరిగ్గా చూసుకో" అన్నాడు మేనేజర్ అందరి ముందూ. టైమౌట్ సంగతి రాత్రికే మెయిల్ పెట్టా. ఇంతవరకూ జవాబు లేదు.