బరువు సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి అడగండి

మొన్న పెళ్లిలో ఒక పెద్దమ్మ నా నడుం పట్టుకుని, "ఇంకా తగ్గలేదేమే? నోరు కట్టుకోవాలి మరి" అంది. పదిమంది మధ్యలో. అక్కడ ఏమీ అనలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాతపట్నం దాటితే మా ఊరే. రెండేళ్ల కిందటే బరువు తగ్గాలని గట్టిగా అనుకున్నాను. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం కొలిచి పెట్టుకున్న అన్నం, సాయంత్రం మహేంద్రతనయ ఏటి గట్టు దాకా నడక. మూడు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను. అంతలో మా అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. మా ఆయన ఉద్యోగం విశాఖలో. ఆవిడ పింఛను కాగితాలన్నీ ఒడియాలో. నాకు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. ప్రతి కాగితానికీ ఎవరినో బతిమాలాలి.

ఏడు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను, ఎక్కువగా పొట్ట దగ్గరే. ఒకాయన మాట విని 4,500 రూపాయలు పోసి పౌడర్ కొన్నాను. గ్రాము తగ్గలేదు. చివరికి శ్రీకాకుళంలో ఒక డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష రాసి, "రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావమ్మా?" అని అడిగింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు ఏడుపొచ్చింది.

టెన్షన్‌కీ, నిద్రకీ, బరువుకీ సంబంధం ఉంది. మహేంద్రగిరి కొండ దారిలో ఎలుగుబంటి ఎదురైతే పరిగెత్తడానికి ఒంట్లో సత్తువ కావాలి. అందుకే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ వదులుతాయి, రక్తంలోకి చక్కెర చేరుతుంది. ఎలుగు వెళ్లిపోతే అదీ తగ్గిపోవాలి. కానీ నెలల తరబడి టెన్షన్ వదలకపోతే కార్టిసాల్ కూడా సరిగా తగ్గదు. తీపి, నూనె సరుకు మీదకే మనసు పోతుంది, కొవ్వు పొట్టలో పేరుకుంటుంది. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. రాత్రి రెండున్నరకి అత్తయ్యకి పక్క మార్చి వచ్చి నేను మిక్చర్ డబ్బా తీసేదాన్ని. అది తిండి యావ కాదని నాకిప్పుడు తెలుసు.

2010లో చికాగో పరిశోధకులు అచ్చు వేయించిన ప్రయోగం ఒకటి ఉంది. బరువు ఎక్కువున్న పదిమందికి ఒకే రకం కొలత తిండి పెట్టారు. రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడకకి ఇచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు సుమారు మూడు కిలోలే. కానీ బాగా పడుకున్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర తగ్గినప్పుడు 0.6 కిలోలే. మిగిలినదంతా కండలాంటిది కరిగింది. చిన్న ప్రయోగమే, కానీ నా ఒంట్లో జరిగింది నాకు అందులోనే అర్థమైంది.

"టెన్షన్ పడకు, యోగా చెయ్యి" అంటారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసి వదిలితే నిజంగానే నెమ్మదిస్తుంది, నేనూ చేస్తున్నాను. సాయంత్రం నాలుగు దాటితే టీ మానేశాను. కానీ యోగా వచ్చి అత్తయ్యకి పక్క మార్చదు కదా! నాకు అసలు పనికొచ్చింది మా మరిది. అడగడానికి నాకు నెలలు పట్టింది, అడిగాక వారంలో మూడు రాత్రులు తనే చూస్తానన్నాడు. పక్కింటి అమ్మాయి ఒడియా కాగితాలు నింపి పెడుతోంది. రెండు నెలలైంది. అదే అంబలి, అదే నడక. రెండు కిలోలు తగ్గాను. అర్ధరాత్రి డబ్బా జోలికి పోవడం దానంతటదే ఆగిపోయింది.

పెద్దమ్మా, మీరు నా మంచికే అన్నారని తెలుసు. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక రెండు గంటలు వచ్చి అత్తయ్య దగ్గర కూర్చోండి. నేను పడుకుంటాను. ఆవిడ మిమ్మల్ని రోజూ అడుగుతూనే ఉంది.