కోతి కూడా ఉమ్మేసింది

మా తోడల్లుడికి ఈ ప్రపంచంలో కష్టమైన పని అంటూ లేదు. ఆయన "ఈజీ" అన్నాడు కదా అని నేను ఇంటి ప్లాను అప్రూవల్‌కి సొంతంగా తిరిగాను, మూడంతస్తుల ఇంటి పైకి మంచం మోయించాను, మావాడి చేత జేఈఈ రాయించాను. ప్రతిసారీ అనుభవించింది నేను, చివర్లో "ఈసారి లక్కు లేదు బ్రదర్" అన్నది ఆయన. అలాంటి మనిషి మొన్న కార్తీక వనభోజనాలకు తలకోన పోదామన్నాడు.

"ఏముంది బ్రదర్, సిద్ధేశ్వరస్వామి గుడి కాడ బండ్లు పెడతాం. ఆడ్నించి అట్లా నడుచుకుంటా పోతే ఫాల్స్. దారి ఉంది, మెట్లున్నాయి. ఈజీ. అత్తమ్మే హవాయి చెప్పులేసుకొని వస్తాంది."

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. శేషాచలం అడవులంటే ఏమనుకున్నాడు ఈయన? 1989లో నేషనల్ పార్కు చేశారు, 2010లో బయోస్ఫియర్ రిజర్వు అన్నారు, 270 అడుగుల నుంచి దూకే జలపాతం, రాష్ట్రంలో అంతకంటే ఎత్తైనది లేదంటారు. అంతటి చోటికి బాత్రూం చెప్పులతో పోతారా? అడవికి ఒక మర్యాద ఉంటుంది. అటక మీద నుంచి నా ట్రెక్కింగ్ షూస్ దించాను.

ఈ షూస్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. హిమాలయాలకు పోదామని ఒకప్పుడు కొన్నవి. తర్వాత పిల్లవాడి ఇంటర్ వచ్చింది, దాని వెనకే కరోనా వచ్చింది, హిమాలయాలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. కొన్న రోజున షాపులో కుర్రాడు ఆ బూటును కౌంటర్ మీద ఠంగుమని కొట్టి, రెండు చేతులతో మెలితిప్పి, "రాళ్ళల్లో తిరగండి, నీళ్ళల్లో తిరగండి, మీ తర్వాత మీవాడు వేసుకుంటాడు సార్" అన్నాడు. అటక మీద డబ్బాలో, పల్చటి తెల్లకాగితంలో, తేమ లాగే ఆ చిన్న పొట్లంతో సహా కొత్త పెళ్ళికొడుకులా పడుకొని ఉన్నాయి. వేసుకొని హాల్లో రెండు అడుగులు వేస్తే నా ఎత్తు కూడా పెరిగినట్టనిపించింది. మా ఆవిడ ఓసారి చూసి, "యుద్ధానికా?" అని వంటింట్లోకి పోయింది.

భాకరాపేట ఘాట్‌లో పిల్లకాయల వాంతులు, నెరబైలు దగ్గర టీ, టికెట్లు, పార్కింగులో మా రెండు బండ్లు ఒకదాన్నొకటి వెతుక్కోవడం, ఇవన్నీ వదిలేస్తున్నాను. గుడి దగ్గర కార్తీక మాసం జనం కాబట్టి క్యూ చూసి, ముందు ఫాల్స్, తర్వాతే దర్శనం అనుకున్నాం. అత్తమ్మ దేవుడికని కొన్న పూలు ఒక కవర్లో, ఆడవాళ్ళ తలల్లోకి కొన్న చామంతి మాలలు తలల్లో. ఈ పూల సంగతి గుర్తుపెట్టుకోండి.

నడక మొదలైంది. నిజం చెప్పాలంటే దారి ఈజీనే. చెట్ల నీడ, పక్కన రాళ్ళ మధ్య నీళ్ళ చప్పుడు, పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు. నా బూట్లు రాళ్ళ మీద మహా ఠీవిగా పడుతున్నాయి. అత్తమ్మ హవాయి చెప్పులు నా ముందు టపటపమంటున్నాయి. జారిపోతారేమో అత్తమ్మా, నా చెయ్యి పట్టుకోండి అని కూడా అన్నాను. ఆ మాట అన్న కాసేపటికే వెనకాల నుంచి మా తోడల్లుడి చిన్నకొడుకు అడిగాడు:

"చిన్నాయనా, ఒక్కడివే కేకు తింటా ఉండావా?"

వెనక్కి చూశాను. నేను నడిచొచ్చిన దారి పొడుగునా నల్లగా, మెత్తగా, చాక్లెట్ కేకు పొడిలాంటిది రాలి ఉంది. వాడు వంగి ఒక ముక్క తీసి వేళ్ళతో నలిపితే పిండి పిండి అయింది. వాసన చూశాడు. మొహం చూస్తే కేకు కాదని వాడికి తెలిసిపోయినట్టుంది.

ఆ తర్వాతి మెట్టు దగ్గర అది జరిగింది. కుడికాలు పై మెట్టు మీద పెట్టి, ఎడమకాలు ఎత్తాను. ఎడమకాలు వచ్చింది. బూటు కూడా వచ్చింది. సోలు రాలేదు. నేను పై మెట్టు మీద, నా సోలు కింది మెట్టు మీద, మా ఇద్దరి మధ్యా బొటనవేలి దగ్గర ఇంకా వదలని ఒక చిన్న అంటు. ముందుకు పోదామంటే అది రాదు, వెనక్కి దిగుదామంటే వెనకాల తమిళ భక్తబృందం. ఎదురుగా స్నానాలు చేసి తడిబట్టలతో దిగుతున్న కుటుంబాలు. దారి సన్నం. ట్రాఫిక్ ఆగిపోయింది.

మన జనంలో ఒక గొప్పగుణం ఉంది. మనిషి పడిపోతే చూస్తారో లేదో చెప్పలేను గానీ, చెప్పు తెగితే మాత్రం ఎవరూ ఊరికే పోరు. ఒకాయన లుంగీ పిండుకుంటూ ఆగి, "రెండోది కూడా పీకేయండి సామీ, సమానంగా ఉంటాయి" అన్నాడు. ఇంకొకాయన బ్రాండు పేరు అడిగి, తన బావమరిదికి కూడా అంతే అయిందని సంతోషపడ్డాడు. ఒక కుర్రాడు రబ్బరు బ్యాండ్లు ఇచ్చాడు, అవి వేసిన క్షణంలోనే తెగి ఎటో ఎగిరిపోయాయి. తువ్వాలుతో కట్టమన్నారు, చార్జరు వైరుతో కట్టమన్నారు. ఒక పెద్దమనిషి ఏమీ మాట్లాడకుండా చొక్కా ఎత్తి మొలతాడు వైపు చెయ్యి పోనిచ్చేసరికి నేను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి ఆపాను. మా తోడల్లుడు ఇవేవీ చెయ్యలేదు. ఆయన వీడియో తీస్తున్నాడు.

దేవుడి పూల కవరుకు కట్టిన దారం వాడదామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు, అపచారం. "దాని తల్లోవి తీయ్ నాయనా" అంది. అంతే, మా ఆవిడ జడలోని మూరెడు చామంతి మాల నా చేతికొచ్చింది. ఇచ్చేటప్పుడు ఆవిడ చూసిన చూపు గురించి రాయను, ఈ ఇంట్లో నేను ఇంకా చాలాకాలం భోంచెయ్యాలి. మాల గట్టి అరటినారతో కట్టింది. బూటు చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడేసింది అత్తమ్మే. పూలు దూసేద్దామంటే టైము లేదు, వెనకాల బృందం తమిళంలో ఏదో అంటోంది, పొగడ్త మాత్రం కాదు. అలా పసుప్పచ్చ చామంతులు తొడిగిన బూటుతో పైకి బయల్దేరాను.

ఇక చూడండి. తిట్టుకుంటూ ఆగిన జనమే దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక ముసలావిడ పక్కకి తప్పుకొని, "మొక్కుబడా నాయనా?" అంది. కాదు అనడానికి నోరు తెరిచేలోపు మా తోడల్లుడు వెనకాల నుంచి, "అవునమ్మా, పెద్ద మొక్కు" అన్నాడు. ఆవిడ వంగి నా బూటు దగ్గర నేల తాకి కళ్ళకద్దుకుంది. ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరూ నా కాళ్ళకి మొక్కింది లేదు. మొక్కినవాళ్ళు కూడా, న్యాయంగా చూస్తే, షాపువాడి కాళ్ళకి మొక్కాలి.

తలకోన కోతులు పూలు తింటాయని నాకెవరూ చెప్పలేదు. రాసిన బోర్డు కూడా కనబళ్ళేదు. ఎటునుంచి దిగిందో తెలీదు, చల్లటి చెయ్యి ఒకటి చీలమండ మీద పడింది, ఒక్క లాగు లాగింది. మాల, మాలతో బాటు సోలు, రెండూ తీసుకొని చెట్టెక్కింది. అక్కడ గిల్లతీగలని ఉంటాయి, చెట్ల మీదుగా మెలికలు తిరిగి పాకుతాయి, వాటి కాయలు మూరల పొడవు. ఆ తీగ మలుపులో తీరిగ్గా కూర్చొని ముందు చామంతి రేకలు పీక్కొని తింది. పూలు అయిపోయాక సోలు పట్టుకుంది. తిప్పి చూసింది. వాసన చూసింది. ఆగి నావైపు చూసింది. మళ్ళీ వాసన చూసింది. ఒక మూల కొరికింది, నమిలింది, థూ అని ఊసి, మూతి చేత్తో తుడుచుకొని, సోలు మాత్రం నామీదికే విసిరింది. కోతి చూసిన చూపులో అనుమానం షూ కంపెనీ మీద కాదు, నా పాదాల మీద. ఇది నాకు అన్యాయంగా అనిపించింది.

జలపాతం బాగుంది.

తిరుగుదారిలో కుడి బూటు సోలు కూడా తోడు లేక ఊడిపోయింది. సోలు లేని బూటంటే పైకి బూటు, కిందికి మేజోడు. అడుగు పల్చటి అట్ట, ప్రతి గులకరాయీ విడిగా పలకరిస్తుంది. చివరికి అత్తమ్మ తన హవాయి చెప్పులు విప్పి నా ముందు పెట్టి, "కార్తీక మాసం నాయనా, నాకు వట్టికాళ్ళతో నడిస్తే పుణ్యమే" అని చకచకా దిగిపోయింది. నా మడమలు వెనక రెండంగుళాలు గాల్లో ఉండగా నేను టపటపమంటూ దిగాను. మా తోడల్లుడు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫోటో అదే. మడమ మీద పొక్కు ఫోటోలో పడలేదు గానీ చెన్నై నుంచి మా మేనత్త కూడా నవ్వుతున్న బొమ్మ పంపింది.

ఎర్రచందనం అడవి కదా, వచ్చేటప్పుడు బండి ఆపి డిక్కీ తీయించారు. కవరు విప్పి నా బూట్లు తిరగేసి చూసిన అతను, "మిగతాది యాడుంది సామీ?" అన్నాడు. అడవిలో చెత్త వెయ్యకూడదని దారి పొడుగునా రాలిన పొడి కూడా వీలైనంత ఏరి ఇంకో పొట్లం కట్టాను. అదీ చూపించాను. పొమ్మన్నాడు.

సోమవారం పొద్దున్నే పొట్లంతో సహా షాపుకు పోయాను. పాత కుర్రాడు లేడు, ఇంకొకడున్నాడు. పొడిని చూసి వాడికేం ఆశ్చర్యం కలగలేదు.

"ఎన్నిసార్లు వేసుకున్నారు సార్?"

"ఇదే మొదలు."

"అదే సార్ ప్రాబ్లం. సోలు రబ్బరు కాదు, పాలియురేథేన్. గాల్లో తేమకి లోపల్లోపలే విరిగిపోతుంది. రెగ్యులర్‌గా వాడుంటే ఇంకొన్నాళ్ళు వచ్చేది. ఊరికే పెడితే ఇంతే. వాడకపోవడానికి వారంటీ రాదు సార్."

"వాడితే?"

"వాడితే అరుగుతుంది కద సార్. దానికీ రాదు."

నేను పొట్లం కౌంటర్ మీద పెట్టాను. ఠంగుమనలేదు. "వాడితే అరిగి, వాడకపోతే పొడైపోతే, మరి ఇవి బాగుండేది ఎప్పుడయ్యా?"

వాడు చుట్టూ అద్దాల అరల వైపు చెయ్యి చూపించాడు.

"షోరూంలో సార్. ఇక్కడ ఏసీ ఉంటుంది."