శృతి ఎప్పటికి కుదురుతుందండీ, మాండలిన్ గారూ?

మహారాజశ్రీ మాండలిన్ గారికి, నిన్నటి కచేరీలో రెండో వరస చివరి కుర్చీలో కూర్చున్న శ్రోత నమస్కరించి రాయునది.

ఉభయ కుశలోపరి. చిన్న గది, 40 మంది జనం, మైకు లేదు. ఒక గొంతు, ఒక గిటార్, తమరు. గంట కచేరీ అన్నారు. ఆ గంటలో 17 నిమిషాలు తమరు శృతి చేయించుకున్నారు. ఊరికే అనడం లేదు, రెండో పాట అయినప్పటి నుంచి గడియారం చూస్తూనే ఉన్నాను.

మిగతావాళ్ల తప్పులూ ఉన్నాయి. కదిలితే కిర్రుమనే కుర్చీ ఉంది. పాట నెమ్మదించిన చోటే గుర్తొచ్చే దగ్గు ఉంది. పాటల జాబితా కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచే మహానుభావుడు నా పక్కనే ఉన్నాడు. వాళ్లందరినీ క్షమించేశాను. నా తగువు తమరితోనే.

తమరికి ఎనిమిది తీగలు. పోనీ ఎనిమిది స్వరాలా అంటే కాదు, నాలుగు జంటలు. వయొలిన్‌కి ఒంటి తీగతో జరిగిపోయే పనికి తమరికి ఇద్దరేసి కావాలి. ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలి. ఉంటారా? మొదటి జంటని సర్దేసరికి నాలుగోది అలుగుతుంది. ఇద్దరిలో ఒకరు వెంట్రుకవాసి దిగితే చాలు, ఆ కాపురంలో గొడవ గది చివరిదాకా వణుకుతూ వినిపిస్తుంది. పైగా తీగ పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. మర ఇంత తిప్పితే స్వరం అంత కదులుతుంది. దాదాపు రెట్టింపు పొడవున్న గిటార్ తన ఆరు తీగలూ ఒకసారి సవరించుకుని బుద్ధిగా కూర్చుంది. గాయని నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. మూడోసారి ఖాళీ గ్లాసు తాగింది.

లైట్ల వేడికి స్టీలు తీగలు సాగుతాయి, తెలుసు. మా ఊపిరి తేమకి చెక్క ఉబ్బుతుంది, అదీ తెలుసు. ఊపిరి పీల్చడం మానేయమంటారా?

అసలు బాధ ఇది కాదు. నేను వచ్చింది చివరి పాట కోసం. మోజార్ట్ 1787 నాటి ఒపెరాలో డాన్ జొవాన్ని అనే స్త్రీలోలుడు ఒక కిటికీ కింద నిలబడి పనిపిల్ల కోసం పాడతాడే, వెంట తమరు గలగలలాడుతుంటారే, అది. దాన్ని 'సమయాభావం వల్ల' ఎత్తేశారు. సమయాన్ని ఎవరు తిన్నారు? ఇక తమరూ లేదు గిమరూ లేదు. నువ్వు తిన్నావు! ఆ కిటికీ కింద కూడా నిన్నటిలాగే శృతి చేయించుకుంటూ నిలబడి ఉంటే ఆ పిల్ల దీపం ఆర్పేసి పడుకునేది. డాన్ జొవాన్ని ఆఖర్న నరకానికి పోయే పనే ఉండేది కాదు.

మాండలిన్ శ్రీనివాస్ గారు నీ జంటల్ని ఊరికే విడగొట్టలేదు. ఐదు ఒంటి తీగలు పెట్టి, కరెంటు ఇచ్చి, గమకాలతో సహా పలికించారు. అప్పుడు నోరెత్తావా?

సరే, ఒక్కటి ఒప్పుకోవాలి. ఐదో పాటలో గాయని గొంతు బాగా తగ్గించింది. అడుగున గిటార్ ఆచితూచి అడుగులేస్తోంది. నీది మీటగానే ఆరిపోయే నాదం, అందుకే పిక్‌ని గబగబా ఆడిస్తూ ఒక స్వరాన్ని బతికిస్తారు. ఆ వణుకు వచ్చి ఆమె గొంతు కింద చేరింది. తనెక్కడ ఆపిందో నువ్వెక్కడ అందుకున్నావో తెలియలేదు. పక్కన మహానుభావుడు కూడా కాగితం మడవడం మర్చిపోయాడు. నాలుగు నిమిషాలు. తర్వాత నీ మూడో జంట అలిగింది, ఆమె గ్లాసు అందుకుంది.

కచేరీ అయ్యాక గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చాను. లైట్లు చాలావరకు ఆర్పేశారు, గది చల్లబడింది. నిన్ను పెట్టెలో పెట్టబోతూ ఆ వాద్యకారుడు అలవాటుగా పైనుంచి కిందికి ఒక్కసారి మీటాడు. ఎనిమిది తీగలు. ఏ జంటలోనూ ఇసుమంత తగువు లేదు.

ఇప్పుడా?

ఇట్లు,
గొడుగు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయిన శ్రోత