సోడా బ్రెడ్ పిండిని పిసకొద్దు: మార్చి 17 వంటల పోస్టుకు ఖండన

ఐర్లండ్ పండగ సెయింట్ ప్యాట్రిక్స్ డే (మార్చి 17) దగ్గరపడగానే ‘అసలైన ఐరిష్ పండగ భోజనం’ అంటూ ఒక పోస్టు గ్రూపుల్లో తిరుగుతుంది. కార్న్‌డ్ బీఫ్ (ఉప్పులో ఊరబెట్టిన గొడ్డుమాంసం), పాలతో బాగా పిసికి గంటసేపు పక్కన పెట్టిన సోడా బ్రెడ్ (ఈస్ట్ బదులు వంటసోడాతో పొంగించే రొట్టె), ఆకుపచ్చ బీరు, స్ప్రే క్రీమ్ కొట్టిన ఐరిష్ కాఫీ. ఇదీ దాని జాబితా. నమ్మి చేస్తే పిండీ పాలూ దండగ.

‘కార్న్‌డ్ బీఫే వాళ్ల సంప్రదాయం.’ కాదు. ఐర్లండ్‌లోని కార్క్ రేవు నుంచి ఉప్పు బీఫ్ ఓడలకొద్దీ ఎగుమతయ్యేది గాని, సామాన్యుల ఇళ్లలో వండింది ఉప్పు పట్టించిన పందిమాంసం, అంటే బేకన్. న్యూయార్క్ వలస వెళ్లినవాళ్లకు యూదుల మాంసం కొట్లలో బ్రిస్కెట్ (గొడ్డు రొమ్ముభాగం మాంసం) చౌకగా దొరికింది, వంట మారింది. ఐర్లండ్‌లో ఇప్పటికీ బేకన్, క్యాబేజీ, పార్స్లీ సాసే. బేకన్ ముక్కను చన్నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోయాలి. లేకపోతే ఉప్పు కషాయమే. తర్వాత కొత్త నీళ్లలో 450 గ్రాములకు 20 నిమిషాల లెక్కన, పైన మరో 20 నిమిషాలు సన్నసెగపై ఉడకాలి. క్యాబేజీ చివర్లో అదే నీళ్లలో వేయాలి.

‘సోడా బ్రెడ్ వేల ఏళ్ల నాటిది. బాగా పిసకాలి, పాలు చాలు.’ మూడూ తప్పే. వంటసోడా ఐర్లండ్ వంటిళ్లకు వచ్చిందే 19వ శతాబ్దంలో. సోడాకు పులుపు తగిలితేనే గ్యాస్ పుడుతుంది. వట్టి పాలతో సోడా అలాగే మిగిలి, బ్రెడ్ సబ్బు వాసన కొడుతుంది. మైదా 450 గ్రాములు, సోడా ఒక టీస్పూను, ఉప్పు ఒక టీస్పూను, బటర్‌మిల్క్ (చిక్కటి పుల్ల మజ్జిగ) 350–400 మి.లీ. సోడాను ఉండల్లేకుండా జల్లించాలి, ఉండ మిగిలినచోట పసుపుపచ్చ మచ్చ పడుతుంది. డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లకు బటర్‌మిల్క్ కొట్లోనే దొరుకుతుంది. ఇక్కడైతే మన పల్చటి మజ్జిగ పనికిరాదు, 250 గ్రాముల పుల్లపెరుగును 150 మి.లీ. నీళ్లతో గిలక్కొట్టండి. వేళ్లు విడదీసి చుట్టూ తిప్పుతూ కలిపితే అర నిమిషంలో ముద్దవుతుంది. కాస్త చేతికంటుకునేలానే ఉండాలి. అంతకుమించి పిసికితే గట్టిపడుతుంది, పక్కన పెడితే గ్యాస్ పోయి చదునవుతుంది. వెంటనే గుండ్రంగా చేసి, చాకుతో లోతుగా శిలువ గాటు పెట్టండి, మధ్యభాగం ఉడికేది దాని వల్లే. ఓవెన్‌లో 230 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నిమిషాలు, తర్వాత 200కు తగ్గించి మరో అరగంట. అడుగున తడితే డొల్లగా మోగాలి.

‘ఆకుపచ్చ బీరు ఐర్లండ్ ఆచారం.’ అది అమెరికా వేడుక. ఐర్లండ్‌లో 1927 చట్టం ఆ రోజు పబ్బులనే మూయించింది, 1960లో గాని సడలలేదు.

‘ఐరిష్ కాఫీకి స్ప్రే క్రీమ్ చాలు.’ వేడికి అది క్షణాల్లో కరిగిపోతుంది. ఐర్లండ్‌లోని ఫోయిన్స్ విమానాశ్రయంలో వంటవాడు జో షెరిడాన్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి వేరు. వేడినీళ్లతో వెచ్చబరచిన గ్లాసులో రెండు టీస్పూన్ల బ్రౌన్ షుగర్, 150 మి.లీ. చిక్కటి కాఫీ, 35 మి.లీ. ఐరిష్ విస్కీ పోసి, చక్కెర పూర్తిగా కరిగేదాకా కలపాలి. చక్కెర లేకపోతే క్రీమ్ మునుగుతుంది. 35 శాతం కొవ్వున్న చల్లటి క్రీమ్‌ను ధార కట్టేంత మాత్రమే గిలక్కొట్టి, చెంచా వీపు మీదుగా పోయాలి. మన కొట్లలో దొరికే 25 శాతం ఫ్రెష్ క్రీమ్ ఎంత గిలక్కొట్టినా నిలబడదు, విప్పింగ్ క్రీమే కొనండి.