సమ్మె చేయలేని రోగుల తరఫున ఎవరు నిలబడాలి?

2023 మార్చి 21న రాజస్థాన్ అసెంబ్లీ ఆరోగ్య హక్కు చట్టాన్ని ఆమోదించింది. ఆ రాష్ట్రవాసి ఎవరికైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత వైద్యం అందాలి. ప్రాణం మీదకు వచ్చిన మనిషిని ప్రైవేటు ఆసుపత్రి అయినా అడ్వాన్స్ అడగకుండా చేర్చుకోవాలి. ఇంటివాళ్లు కట్టలేకపోతే ఆ ఖర్చు ప్రభుత్వం ఇవ్వాలి. చట్టం చెప్పింది స్థూలంగా ఇంతే. రెండు వారాలు తిరిగాయో లేదో, ఏప్రిల్ 4న అదే ప్రభుత్వం ప్రైవేటు డాక్టర్లతో రాజీకి వచ్చింది. 50 పడకల లోపు ఆసుపత్రులకు చట్టం వర్తించదని, ప్రభుత్వం నుంచి భూమి గానీ రాయితీ గానీ పొందని ఆసుపత్రులను కూడా వదిలేస్తామని ఒప్పుకుంది.

ఎక్కడి రాజస్థాన్, ఎక్కడి శ్రీకాకుళం అని కొట్టిపారేయకండి. పలాస, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం బజారుల్లోని నర్సింగ్ హోములను ఒకసారి గుర్తుచేసుకోండి. వాటిలో 50 పడకలు దాటేవి ఎన్ని? రేపు మన రాష్ట్రంలో ఇలాంటి చట్టమే వచ్చి, ఇలాంటి మినహాయింపే ఇస్తే, హైవే మీద లారీ గుద్దిన మనిషిని ముందుగా తీసుకెళ్లే ఆసుపత్రులు దాదాపు అన్నీ చట్టం బయటే ఉంటాయి. చట్టం విశాఖలో బతుకుతుంది, మన దగ్గరకు రాదు.

చట్టం వద్దని రాజస్థాన్ డాక్టర్ల ఆందోళన ఎలా నడిచిందో చూడాలి. ప్రైవేటు ఆసుపత్రులు మూతపడ్డాయి. జైపూర్‌లో పోలీసులు నీటి ఫిరంగులు ప్రయోగించారు. మార్చి 27న భారీ ర్యాలీ తీశారు, అదే రోజు డాక్టర్ల జాతీయ సంఘం ఐఎంఏ దేశమంతా బ్లాక్ డే పాటించింది. మార్చి 29న ప్రభుత్వ డాక్టర్లు కూడా ఒక రోజు విధులు బహిష్కరించి మద్దతు తెలిపారు. సంఘం ఉంది, పని ఆపగల శక్తి ఉంది, ఒకే డిమాండ్ ఉంది. ఎన్నికల సంవత్సరంలో ఏ ప్రభుత్వమైనా దిగిరాక ఏం చేస్తుంది?

వాళ్ల భయాలన్నీ కట్టుకథలు కావు. ఎమర్జెన్సీ అంటే ఏది, వైద్యం చేశాక డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని అడిగారు. ఆరోగ్యశ్రీ బకాయిల కోసం మన రాష్ట్రంలో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎన్నిసార్లు సేవలు ఆపేశాయో తెలిసినవాళ్లం, ఆ ప్రశ్న తప్పని అనలేం. కానీ ప్రశ్నకు తగిన డిమాండ్ అది కాదు. ప్రత్యేక నిధి పెట్టండి, ఇన్ని రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ ఇవ్వండి అని పట్టుబట్టి ఉంటే రోగీ, డాక్టరూ ఒకే వైపు నిలబడేవారు. మమ్మల్ని తప్పించండి అన్నారు. తప్పించారు.

చట్టం కావాలని ఏళ్లుగా అడుగుతూ వచ్చిన జన స్వాస్థ్య అభియాన్ వంటి ప్రజా సంఘాలు ఆ రాష్ట్రంలో లేకపోలేదు. కానీ బలం సరిపోలేదు. రోగి సమ్మె చేయలేడు, చిక్కంతా అక్కడే ఉంది. కిడ్నీ జబ్బులతో నలుగుతున్న మన ఉద్దానంలో డయాలసిస్ మీద బతికే మనిషిని చూడండి. సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు మెషిన్ దగ్గర పడుకోవాలి. తాగే నీళ్లు గ్లాసులతో కొలుచుకోవాలి. చేతిలో రిపోర్టుల ప్లాస్టిక్ కవరు, పక్కన కూలి మానుకుని వచ్చిన భార్య. మెషిన్ నుంచి లేచాక ఇంటికి చేరి పడుకుంటే చాలనిపిస్తుంది. ఆయన్ని ధర్నాకు రమ్మంటే ఎలా వస్తాడు? ఒక్క విడత తప్పినా ఊపిరి ఆడదు. అందుకే రోగుల తరఫు ఉద్యమాన్ని రోగం లేనివాళ్లే కట్టాలి.

అలా కట్టడం ఈ జిల్లాకు కొత్త కాదు. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని రైతులు, మత్స్యకారులు ఏళ్ల తరబడి రిలే దీక్షలు చేశారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్లాంటుకు ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఈ రెండో సంగతి మనం తక్కువగా చెప్పుకుంటాం. రోడ్డు మీద కూర్చున్నవాళ్లకు వెనుక, కాగితాలు చదివి, బీల పనికిరాని భూమి కాదు, చిత్తడి నేల అని ఢిల్లీ దాకా వెళ్లి వాదించినవాళ్లు ఉన్నారు. ఆ పోరాటంలో ముందు నిలిచినవారిలో డాక్టరు కూడా ఉన్నారని మరిచిపోకూడదు.

ఇప్పుడు మెడికల్ కాలేజీల గొడవకు వద్దాం. మన రాష్ట్రంలో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో పదింటిని పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఇవ్వాలన్న నిర్ణయం 2025లో వచ్చింది. ఆ జాబితాలో పార్వతీపురం ఉంది. పక్కనే విజయనగరంలో 2023లో మొదలైన కాలేజీ ప్రభుత్వం చేతిలోనే నడుస్తోంది. పీపీపీ వద్దని ప్రతిపక్ష వైసీపీ కోటి సంతకాల ఉద్యమం చేపట్టింది. ప్రభుత్వం తన నిర్ణయాన్ని సమర్థించుకుంది. నా మటుకు నేను గిరిజన ప్రాంతంలో పెట్టే కాలేజీ ప్రభుత్వం చేతిలోనే ఉండాలంటాను. కొండ దిగి వచ్చే గర్భిణికి ఆసుపత్రి గుమ్మం దగ్గర కౌంటర్ కాకుండా మంచం కనపడాలి.

అయితే సంతకం పెట్టించుకున్న పార్టీ రేపు అధికారంలోకి వస్తే ఆ కాగితాల కట్ట ఎక్కడ ఉంటుంది? రాజస్థాన్‌లో చట్టం చేసిన ప్రభుత్వం 2023 డిసెంబరులో దిగిపోయింది. దిగిపోయే నాటికి నిబంధనలు కూడా రాలేదు. పార్టీ పోరాటం కుర్చీతో పాటే మలుపు తిరుగుతుంది. దాన్ని వాడుకోవాలి గానీ, దాని మీదే ఆధారపడకూడదు.

పార్వతీపురంలో అయినా, పలాసలో అయినా అడగాల్సింది ముందు కాగితం. ఒప్పందం మొత్తం తెలుగులో బయటపెట్టమనాలి. ఎన్ని పడకలు ఉచితం, ఆ లెక్క ఎవరు చూస్తారు, స్కానింగ్‌కు ధర ఎవరు పెడతారు, మాట తప్పితే శిక్ష ఏమిటి? ఈ ప్రశ్నలతో డ్వాక్రా సంఘాల సమావేశాలకు వెళ్లాలి. ప్రతి ఊళ్లో నెలనెలా కూర్చునే సంఘం అదే, ఆసుపత్రి కోసం ఎక్కువ అప్పు చేసేదీ ఆ ఇళ్లవాళ్లే.

ఇంకో మాట. రాజస్థాన్ హక్కు ఆ రాష్ట్రవాసులకే. మన ఎచ్చెర్ల తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు చేపల వేటకు వెళ్లేవాళ్లు, హైదరాబాద్, చెన్నై భవనాల పనులకు వెళ్లేవాళ్లు అక్కడ పడిపోతే ఏ చట్టం కింద అడగాలి? వలస జిల్లా వాళ్లం కాబట్టి ఈ లోపం మనకే ముందు కనపడాలి.

కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటం ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రతి డాక్టరు బాధ్యత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో తేల్చింది. అడ్వాన్స్ కట్టలేదని వెనక్కి పంపిన ప్రతి సంఘటనను తేదీ, టైమ్, రసీదులతో సహా రాసి పెట్టే మనిషి మండలానికి ఒకరు కావాలి. ఆ కాగితాలకు ఈ తీర్పుల కాపీలు జతచేసి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఒక్కొక్కరుగా కాకుండా పది ఊళ్ల వాళ్లు కలిసి ఇవ్వాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకుని, వచ్చే సోమవారం మళ్లీ వెళ్లాలి.