సింతీలు తమ భాషను ఎందుకు దాచుకుంటారు?

జర్మనీలో మన తెలుగువాళ్ల మధ్య రోమాల (జిప్సీలని పిలిచేవాళ్ల) ప్రస్తావన వస్తే మాటలు దాదాపు ఒకే దారిలో పోతాయి. "వాళ్లు మనవాళ్లేనండీ, వెయ్యేళ్ల కిందట ఇండియా నుంచి వచ్చారు" అంటారొకరు. ఇంకొకరు లంబాడీలను గుర్తు చేస్తారు. రోమాల భాష రోమానీ ఉత్తర భారత భాషల కుటుంబానిదే అని 18వ శతాబ్దం చివరి నుంచీ భాషావేత్తలు చెబుతున్నారు. అంతమాత్రాన లంబాడీలతో నేరుగా చుట్టరికం కలిపేయలేం. అదలా ఉంచండి. "మనవాళ్లే" అన్న ఉత్సాహం వెనకే ఇంకో కోరిక పుడుతుంది: వాళ్ల పాటలు రికార్డు చేయాలి, భాష నేర్చుకోవాలి, మన ఉగాది స్టేజీ ఎక్కించాలి. నా అభ్యంతరం ఇక్కడే.

సింతీలు జర్మనీలో ఆరు వందల ఏళ్లుగా ఉంటున్న రోమా శాఖ. వాళ్లలో చాలామంది తమ భాషను బయటివాళ్లకు నేర్పరు. బళ్లలో చెప్పొద్దు, పుస్తకాలకు ఎక్కించొద్దు అనేవాళ్లూ ఉన్నారు. పిల్లలకు తెలుగు రావాలని శనివారం బడులు నడుపుకునే మనకు ఇది వింతగానే ఉంటుంది.

దీనికి కారణం చరిత్రలో ఉంది. 1936లో నాజీ ప్రభుత్వం రాబర్ట్ రిట్టర్ అనే డాక్టరు కింద ఒక జాతి పరిశోధన సంస్థ పెట్టింది. ఆయన సహాయకురాలు ఎవా యుస్టిన్‌కు రోమానీ వచ్చు. ఆమె సింతీలను వాళ్ల భాషలోనే పలకరించి, నమ్మకం సంపాదించి, తాతముత్తాతల పేర్లూ చుట్టరికాలూ రాబట్టింది. వేల కుటుంబాల వంశవృక్షాలు, ఫొటోలు, తల కొలతలు అలా పోగయ్యాయి. ఎవరిని ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపాలో తేల్చడానికి ఆ కాగితాలే పనికొచ్చాయి. ముల్ఫింగెన్ అనాథాశ్రమంలోని సింతీ పిల్లల మీద యుస్టిన్ డాక్టరేట్ చేసింది. ఆమె పని అయిపోయాక, 1944 మేలో, అక్కడి నుంచి 39 మందిని ఆష్విట్జ్‌కు పంపారు. నలుగురే బతికి బయటపడ్డారు.

యుద్ధం తర్వాత రిట్టర్‌కూ యుస్టిన్‌కూ ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థలోనే ఉద్యోగాలు దొరికాయి. ఫైళ్లలో కొన్ని చేతులు మారి ట్యూబింగెన్ విశ్వవిద్యాలయానికి చేరితే, వాటి మీద మళ్లీ పరిశోధనలు! 1981 సెప్టెంబరులో సింతీ కార్యకర్తలు అక్కడి ఆర్కైవులో బైఠాయించాక గానీ అవి కోబ్లెంజ్‌లోని జాతీయ ఆర్కైవుకు కదల్లేదు. జరిగింది జాతిహత్యేనని ఛాన్సలర్ హెల్మూట్ ష్మిట్ ఒప్పుకున్నది ఆ మరుసటి ఏడు.

ఇంత జరిగాక, టేప్ రికార్డరు పట్టుకుని వచ్చిన మనిషిని చూసి తలుపు వేసుకోవడాన్ని వెనకబాటుతనం అనలేం. రుమేనియాలో బళ్లలో రోమానీ చెబుతారు, అది అక్కడివాళ్లు కోరుకున్నది. పిల్లల నోట భాష సన్నగిల్లితే నష్టం సింతీలదే కాబట్టి, ఆ లెక్క కూడా వాళ్లే వేసుకోవాలి.

వాళ్లు అన్నీ దాచేస్తున్నారనుకోవద్దు. 1991లో చెక్ నగరం బ్రనోలో రోమాలే పూనుకుని మ్యూజియం పెట్టారు. 1997లో హైడెల్‌బర్గ్‌లో జర్మన్ సింతీల, రోమాల సొంత కేంద్రం తెరుచుకుంది. అక్కడ నాజీల పత్రాల ఎదురుగా కుటుంబాల ఆల్బముల్లోని పెళ్లి ఫొటోలు, బడి ఫొటోలు కనిపిస్తాయి. రిట్టర్ ఫైలులో నంబరుగా ఉన్నవాళ్లే ఇక్కడ కోటు వేసుకుని నవ్వుతుంటారు. ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో నిర్ణయించింది ఆ సమాజం. పరిశోధన అంటే నాకు ఇలాగే ఉండాలనిపిస్తుంది.

ఈ విషయంలో మన చేతులూ శుభ్రంగా లేవు. కొన్ని తెగలను పుట్టు నేరస్థులుగా ముద్ర వేసిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లు పుట్టుకతోనే పోలీసు రిజిస్టర్లకెక్కారు, స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలికారు. 1952లో ఆ ముద్ర కాగితం మీద పోయినా మన సినిమాలు దాన్ని చాలాకాలం పోనివ్వలేదు. ఎరుకలవాళ్ల కథ ఎరుకలవాళ్లు చెప్పగా మనలో ఎంతమంది విన్నాం?

సంఘం తరఫున ఏదైనా చేయాలనుకుంటే హైడెల్‌బర్గ్‌కు ఒక బస్సు వేయండి. గైడ్‌ను మాట్లాడుకోండి, వాళ్లు అచ్చేసిన పుస్తకాలు కొనండి. సింతీ, రోమా సంగీతకారులను పిలిస్తే మిగతా కళాకారులకు ఇచ్చేంత పారితోషికం ఇవ్వండి. "మన తప్పిపోయిన తోబుట్టువులు" అని పరిచయం చేయకండి, పేరూ ఊరూ చెప్పండి చాలు. రికార్డు చేయొచ్చా అని ముందే అడగండి, వద్దంటే మళ్లీ అడగకండి.