రిఫరెన్స్ స్టైల్ గారికి ఒక విన్నపం

అయ్యా రిఫరెన్స్ స్టైల్ గారూ,

పేపర్ రిజెక్ట్ అయింది. దానికి బాధ లేదు, అలవాటే. ఇప్పుడు ఇంకో జర్నల్‌కి పంపాలంటే లోపలి సైన్స్ ఒక్క ముక్క మారదు గానీ, మీ కోసం మాత్రం చివర్లో ఆధారంగా వాడిన పేపర్ల జాబితా మొత్తం, ఆ జర్నల్ కోరిన పద్ధతిలో తిరగరాయాలి. అక్కడ పేరూ సంవత్సరమూ బ్రాకెట్లో పెట్టమన్నారు, ఇక్కడ అంకె చాలంటున్నారు. అక్కడ జర్నల్ పేరు పూర్తిగా, ఇక్కడ పొట్టిగా. పేజీ నంబర్ల మధ్య హైఫనా, కాస్త పొడుగు గీతా అన్నది వేరే టెన్షన్.

రచయితల దగ్గర మీ లెక్కలు మరీ ఘోరం. వాంకూవర్ అవతారంలో 6 పేర్లు రాసి మిగతావాళ్లని తదితరుల్లోకి తోసేస్తారు. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) అవతారంలో 2019 నాటి ఏడో ఎడిషన్ నుంచి 20 మంది దాకా రానిస్తున్నారు, సంతోషం. మరి 21 మంది ఉంటే? మొదటి 19 పేర్లు, మూడు చుక్కలు, ఆఖరి పేరు. అంటే 20వ మనిషి ఒక్కరి పేరు తీసేసి, అక్కడ మూడు చుక్కలు పెట్టాలన్నమాట! 2015లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. వాళ్లకీ అవే మూడు చుక్కలు.

పేపర్‌ని పట్టుకోవడానికి 2000 నుంచి డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబర్ ఉంది కదా, ఆ ఒక్క నంబర్ చాలదా? దాన్నీ వదల్లేదు మీరు. ముందు డీఓఐ అని రాసి కోలన్ పెట్టమన్నారు, తర్వాత లింక్‌గా రాయమన్నారు, ఆ తర్వాత ఆ లింక్ రూపమే మార్చారు.

ఇంత పట్టింపు ఉన్న మీరు, ఆ పేపర్‌ని ఎవరైనా చదివారా అని ఎప్పుడైనా అడిగారా? కామాలు సరిగ్గా ఉంటే చాలు, రిట్రాక్ట్ అయిన, అంటే జర్నల్ వెనక్కి తీసుకున్న పేపర్ కూడా మీ ముందు నుంచే దర్జాగా వెళ్లిపోతుంది. ఏఐ అల్లిన లేని పేపర్లయితే మరీ ముచ్చటగా ఉంటాయి, ఇటాలిక్స్‌తో సహా. పాపం, తప్పులన్నీ నిజంగా ఉన్న పేపర్లకే.

కొన్ని జర్నల్స్ ఇప్పటికే మొదటిసారి ఏ స్టైల్‌లో పంపినా పర్లేదు, పేపర్ తీసుకున్నాక చూసుకుందాం అంటున్నాయి. మిగతావాళ్లకీ ఓ మాట చెప్పండి. ఈలోగా, మేం రాసిన వాక్యానికి జాబితాలో చూపించిన పేపర్ నిజంగా ఆధారమో కాదో చూసే పని వేరే ఎవరికైనా అప్పజెప్పించండి, అది మీ వల్ల అయ్యే పని కాదు.

ఇట్లు,
తదితరుల్లో ఒకడు